ఎంత దూరం? ఎంత సేపు?

ఒక ఊరికి మరొక ఊరు ఎంత దూరమని అడిగితే మన పూర్వులు రెండు విధాలుగా సమాధానం చెప్పేవారు. మొదటిది నేలను కొలిచి చెప్పే మాట. క్రోసు, ఆమడ అనేవి ఇటువంటి కొలతలు. క్రోసు అంటే రమారమి రెండు మైళ్లు. నాలుగు క్రోసులు ఒక ఆమడ. సంస్కృతంలో యోజనమని వ్యవహరించే దూరానికి తెలుగువారు ఆమడ అనే మాటను వాడుకొన్నారు. రెండవది కాలాన్ని కొలిచి చెప్పే మాట. ‘నాలుగు గడియల నడక’, ‘పొద్దు వాలేలోగా చేరవచ్చు’, ‘రెండు మజిలీల ప్రయాణం’ అనేవి ఈ కోవకు చెందుతాయి. ‘కూతవేటు దూరం’ అనే పలుకుబడి మాత్రం ఈ రెండింటిలో దేనికీ లొంగదు. అది మనిషి గొంతునే కొలబద్దగా చేసుకొన్నది.

కాలినడకన పోయే రోజులలో ఈ రెండు కొలతలకూ పెద్ద తేడా లేదు. ఆమడలు తెలిస్తే గడియలు తెలిసేవి. వాహనాల వేగం పెరిగిన కొద్దీ దూరం ఒక దారిన, కాలం మరొక దారిన పోయాయి. ఇప్పుడు కడప నుండి కువైటు ఎంత దూరమని అడిగితే ‘ఐదు గంటలు’ అని బదులు వస్తుంది. ఆ ఐదు గంటలలో ప్రయాణంలోని ఏ భాగం చేరింది, ఏ భాగం చేరలేదు అని విచారించేవారు తక్కువ. విచారించవలసిన అవసరం కడప జిల్లాలోని ఎన్నో కుటుంబాలకు ఏదో ఒకనాడు కలుగుతూనే ఉంది. దూరానికీ కాలానికీ గల ఈ సంబంధాన్ని రెండు ప్రయాణాల ద్వారా పరిశీలిద్దాం. ఒకటి కర్నూలు నుండి విశాఖపట్నానికి. రెండవది కడప సీమ నుండి కువైటుకు.

అతివేగంగా పోవాలన్న కోరిక మనిషికి కొత్తది కాదు. శ్రీకృష్ణదేవరాయల వలన కోకట మొదలైన అగ్రహారాలను పొందిన అల్లసాని పెద్దన తన మనుచరిత్రలో అటువంటి ప్రయాణాన్నే వర్ణించాడు. ఆ కోకటం నేటి కడప జిల్లాలోనిదే. అరుణాస్పదపురంలో నివసించే ప్రవరునికి తీర్థాలన్నీ చూడాలని కోరిక. కాని ఇంటి వద్ద వృద్ధులైన తల్లిదండ్రులున్నారు, నిత్యాగ్నిహోత్రముంది. ఊరు విడిచి పోవడానికి వీలులేదు. ఒకనాడు అతిథిగా వచ్చిన సిద్ధుడు అతని పాదాలకు ఒక లేపనం పూశాడు. ప్రవరుడు తలచినంతలో హిమాలయం చేరాడు. పోవడం ఎంత సులభమైందో తిరిగి రావడం అంత కష్టమైంది. కొండపై కరిగిన మంచునీటిలో పాదలేపం కరిగిపోయింది. అప్పుడు గాని అతనికి తాను ఎంత దూరం వచ్చాడో తెలియలేదు. చివరకు అగ్నిదేవుని ప్రార్థించి ఇల్లు చేరాడు. ఈ కథలో వరూధిని సౌందర్యాన్ని గురించి విమర్శకులు పుటలకు పుటలు వ్రాశారు. పాదలేపాన్ని గురించి వ్రాసినవారు అరుదు. నా దృష్టిలో ప్రవరుని దుఃఖానికంతటికీ మూలం ఆ లేపనమే. అది కాలాన్ని తగ్గించింది గాని దూరాన్ని తగ్గించలేదు.

కల్పితమైన ప్రవరుని ప్రయాణం అలా ఉండగా, మనకు తేదీలతో సహా తెలిసిన ఒక ప్రయాణముంది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18వ తేదీన కాశీకి బయలుదేరాడు. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదుల మీదుగా ఉత్తరానికి సాగి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి మద్రాసు చేరాడు. పదిహేను నెలలకు పైగా పట్టిన ఈ యాత్రలో ఏ మజిలీకి ఎంత దూరం, బాట ఎటువంటిది, నీరు దొరుకుతుందా, బియ్యం దొరుకుతాయా అనే విషయాలను అతడు శ్రద్ధగా వ్రాసుకొన్నాడు. ఆ రచనయే కాశీయాత్ర చరిత్ర. అతని దృష్టిలో దూరమంటే అంకె మాత్రమే కాదు. ఇసుక బాట వేరు, రాతి బాట వేరు, వాగు పొంగిన బాట వేరు. ఇప్పటి ప్రయాణికునికి ఆ తెలివిడి అక్కరలేదని మనం అనుకొంటాం. అది నిజం కాదని ముందు ముందు తేలుతుంది.

కర్నూలు పేరు కూడ ప్రయాణంతోనే ముడిపడి ఉంది. అలంపురంలో ఆలయాలు కట్టే రోజులలో రాళ్లు తోలుకొనిపోయే బండ్లవారు తుంగభద్ర దాటడానికి ముందు ఇక్కడ ఆగి, ఇరుసులకు కందెన పూసుకొనేవారనీ, అందువలన ఈ చోటు కందెనవోలు అయిందనీ జనశ్రుతి. కందెనవోలు కందనవోలై, కందనూరై, కర్నూలైంది. బండి ఆగిన చోట ఊరు వెలసిందన్న మాట.

ఆ ఊరు 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రానికి రాజధాని అయింది. 1937లో కుదిరిన శ్రీబాగు ఒడంబడిక ప్రకారం రాజధాని, హైకోర్టులలో ఏదో ఒకదానిని కోరుకొనే హక్కు రాయలసీమకు లభించింది. సీమ పెద్దలు రాజధానిని కోరుకొన్నారు. హైకోర్టు గుంటూరులో ఏర్పడింది. 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ అవతరించి, హైదరాబాదు రాజధాని అయ్యేవరకు మూడేండ్ల పాటు శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల వారు ప్రభుత్వ కార్యాల మీద కర్నూలుకు రావలసి వచ్చింది. అప్పుడు బెజవాడ దాటిన తరువాత గుంటూరు, నంద్యాల, ద్రోణాచలం మీదుగా వచ్చే మార్గం మీటరు గేజిది. పెద్ద బండి దిగి చిన్న బండి ఎక్కాలి. ఒక అర్జీ చేతబట్టుకొని ఉత్తరాంధ్ర నుండి వచ్చే రైతుకు రాజధాని ఎన్ని మైళ్ల దూరమన్నది ముఖ్యం కాదు. పోను ఎన్ని దినాలు, రాను ఎన్ని దినాలు, ఆ దినాలలో పొలం పని చూచేవారెవరు అన్నదే ముఖ్యం.

ఇప్పుడు ఆ రెండు నగరాల మధ్య దూరాన్ని లెక్కించి చూద్దాం. కర్నూలు ఇంచుమించు 15.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉంది. విశాఖపట్నం 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 83.2 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉంది. వీటి మధ్య ఆకాశమార్గాన సరళదూరం దాదాపు 590 కిలోమీటర్లు. రోడ్డు మార్గాన పోతే దాదాపు 700 కిలోమీటర్లు అవుతుంది. నల్లమల కొండలను చుట్టుకొని, కృష్ణను, గోదావరిని వంతెనలున్న చోట దాటి, ఊరూరా పలుకరించుకొంటూ పోయేది రోడ్డు. విమానానికి కొండ లేదు, నది లేదు. అయినా ఈ రెండు దూరాల మధ్య తేడా నూట పది కిలోమీటర్లే. కాలంలో తేడా మాత్రం చాలా ఎక్కువ. బస్సులో పన్నెండు గంటలకు తక్కువ కాని ప్రయాణం విమానంలో గంటన్నరకు అటూ ఇటూగా ముగుస్తుంది.

కర్నూలు నుండి నంద్యాలకు పోయే దారిలో, నగరానికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, ఓర్వకల్లు వద్ద నిర్మించిన విమానాశ్రయాన్ని 2021 మార్చి 25వ తేదీన ప్రారంభించారు. 1846లో ఆంగ్లేయులపై తిరుగుబాటు చేసి, 1847 ఫిబ్రవరి 22వ తేదీన కోయిలకుంట్ల వద్ద ఉరికంబమెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు దానికి పెట్టారు. అదే నెల 28వ తేదీ నుండి బెంగళూరు, చెన్నై, విశాఖపట్నాలకు విమానాలు మొదలయ్యాయి. చిన్న నగరాల నుండి నడిచే ఇటువంటి సర్వీసులు ప్రయాణికుల రాకపోకలను బట్టి పెరుగుతూ, తగ్గుతూ, కొన్నిసార్లు నిలిచిపోతూ ఉంటాయి.

ఇటువంటి విమానాశ్రయాలలో ఎక్కువగా కనిపించేది ఏ.టి.ఆర్. 72 అనే విమానం. డెబ్బదికి పైగా ప్రయాణికులను తీసుకొనిపోయే ఈ విమానానికి రెక్కల మీద రెండు పంకాలు తిరుగుతూ ఉంటాయి. దీని వేగం గంటకు ఐదువందల కిలోమీటర్లు. పెద్ద జెట్ విమానాల వేగం గంటకు ఎనిమిదివందల కిలోమీటర్లకు పైమాటే. 590ని 500తో భాగిస్తే గంటా పదకొండు నిమిషాలు రావాలి. మరి గంటన్నర ఎందుకు పడుతుంది? విమానం ఇంజను నడిచినది మొదలు అంత వేగంగా పోదు. నేలపై మెల్లగా కదలి రన్‌వే చేరాలి. ఎదురుగాలికి అభిముఖంగా లేవాలి. గమ్యం ఏ దిక్కుననున్నా ముందు గాలి ఉన్న దిక్కుకే తిరగాలి. పైకెక్కడానికి కొంత సేపు, దిగడానికి కొంత సేపు వేగం తగ్గించుకోవాలి. దిగబోయే చోట మరొక విమానం ఉంటే ఆకాశంలోనే ఒక చుట్టు తిరిగి వేచి ఉండాలి. ఈ సమయం దగ్గరి ప్రయాణానికైనా దూరపు ప్రయాణానికైనా దాదాపు ఒకటే. అందువలన ప్రయాణం ఎంత పొట్టిదైతే అందులో ఈ వ్యర్థకాలం పాలు అంత ఎక్కువవుతుంది.

విమానంలో గంటన్నర అన్నప్పుడు ఇంకొక విషయం మరువరాదు. కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర ఇల్లున్న వ్యక్తి ఓర్వకల్లు చేరడానికి అరగంట పైన పడుతుంది. విమానం బయలుదేరడానికి రెండు గంటల ముందు అక్కడ ఉండాలి. విశాఖలో దిగిన పిదప సామాను తీసుకొని ఊరిలోకి పోవడానికి మరొక గంట. అంతా కలిపితే ఐదు గంటల ప్రయాణం. అందులో ఆకాశంలో గడిపినది మూడవ వంతు కన్న తక్కువ. అయినా పన్నెండు గంటలు ఐదు గంటలు కావడం సామాన్యమైన మేలు కాదు. ఆసుపత్రికి పోయేవానికి, పరీక్షకు పోయే విద్యార్థికి ఆ ఏడు గంటల విలువ తెలుస్తుంది.

అయితే ఈ మేలు అందరికీ అందేది కాదు. అదే కర్నూలు జిల్లా పడమటి మండలాలైన కోసిగి, మంత్రాలయం, ఆదోని ప్రాంతాల నుండి వానలు ముఖం చాటేసిన ఏడు కుటుంబాలకు కుటుంబాలే ‘సుగ్గి’కి పోతాయి. గుంటూరు సీమలో మిరపకాయలు కోయడానికి పిల్లాపాపలతో, వంటపాత్రలతో లారీలలో, టెంపోలలో సాగిపోయే ఆ ప్రయాణం మూడువందల కిలోమీటర్ల పైచిలుకు. వారికి దూరాన్ని కొలిచేది బడి మానిన దినాలు. విమాన ప్రయాణాన్ని గురించి వ్రాసే ఏ వ్యాసమైనా ఈ లారీని తలచుకోకుండా ముందుకు పోవడం న్యాయం కాదు.

ఇక రెండవ ప్రయాణం. రాయచోటి, రాజంపేట, కోడూరు, పులివెందుల, బద్వేలు మొదలైన పాత కడప జిల్లా ప్రాంతాల నుండి కువైటుకు పనికి పోవడం యాభై ఏండ్లుగా సాగుతున్న జీవనవిధానం. కువైటు నుండి చమురు ఎగుమతి 1946లో మొదలైంది. 1973లో చమురు ధరలు ఒక్కసారిగా పెరిగిన తరువాత ఆ చిన్న దేశంలో ఇండ్లు, రోడ్లు, కార్యాలయాలు వెల్లువెత్తాయి. కట్టేవారు, కారు నడిపేవారు, ఇంటి పనులు చేసేవారు కావలసి వచ్చారు. బోర్లు ఎండిన సీమ నుండి మనుషులు కదిలారు. మొదట్లో కడప మీదుగా పోయే రైలులో ముంబయి చేరి, అక్కడి నుండి పోయేవారు. ఆ రైలుమార్గం 1871 నుండి మద్రాసును బొంబాయితో కలుపుతున్నది. తరువాత చెన్నై నుండి, 2008లో శంషాబాదు, దేవనహళ్లి విమానాశ్రయాలు తెరచిన పిదప హైదరాబాదు, బెంగళూరుల నుండి కూడ పోవడం ఎక్కువైంది. కడపలోని పాత విమానాశ్రయం కొత్త హంగులతో 2015 జూన్‌లో తిరిగి తెరచుకొన్నది గాని అది దేశంలోని నగరాల కొరకు ఏర్పడినదే.

భూమి గుండ్రంగా ఉన్నందున రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారిని చదునైన పటం మీద స్కేలుతో గీయలేము. గ్లోబును తీసుకొని ఒక చోట దారం పెట్టి, రెండవ చోటి వరకు బిగువుగా లాగితే ఆ దారం పడిన దారియే దగ్గరి దారి. భూమి చుట్టుకొలత దాదాపు 40,000 కిలోమీటర్లు. దానిని 360 డిగ్రీలతో భాగిస్తే ఒక్కొక్క డిగ్రీకి సుమారు 111 కిలోమీటర్లు వస్తాయి. కడప, కువైటు నగరాల నుండి భూకేంద్రానికి రెండు గీతలు గీస్తే వాటి మధ్య కోణం 32 డిగ్రీలకు కొద్దిగా ఎక్కువ. కనుక దూరం సుమారు 3,570 కిలోమీటర్లు. కడప నుండి చూస్తే కువైటు వాయవ్య దిశలో ఉంది.

కాని కడపవాడు వాయవ్యానికి పోడు. చెన్నై విమానాశ్రయానికి పోతాడు. చెన్నై కడపకు ఆగ్నేయాన ఉంది! అనగా గమ్యానికి సరిగ్గా వ్యతిరేక దిశలో 260 కిలోమీటర్లు రోడ్డు మీద ప్రయాణించి, అక్కడి నుండి సుమారు 3,780 కిలోమీటర్లు ఎగరాలి. మొత్తం నాలుగు వేల కిలోమీటర్లు దాటుతుంది. ఇంతకన్న విచిత్రమైన సంగతి మరొకటి ఉంది. గ్లోబు మీద చెన్నై నుండి కువైటుకు దారం లాగితే అది రాయచోటి పట్టణానికి ఇరవై కిలోమీటర్లు కూడ దూరం కాకుండా పోతుంది. విమానాలు తమకు కేటాయించిన వాయుమార్గాలలో నడుస్తాయి గనుక అన్ని రోజులూ సరిగ్గా ఆ గీత మీదనే పోవు. అయినా రాయచోటి దగ్గరి పల్లె నుండి సుమారు 250 కిలోమీటర్లు రోడ్డున పోయి, చెన్నైలో విమానమెక్కిన యువకుడు, ఎక్కిన ఇరవై నిమిషాలకల్లా తిరిగి తన సీమ ఆకాశం లోనికి వస్తాడు. పది కిలోమీటర్ల ఎత్తు నుండి క్రిందికి చూస్తే ఎర్రనేల, ఎండిన చెరువు కనబడవచ్చు. ఇల్లు విడిచిన తరువాత అప్పటికి పది, పన్నెండు గంటలై ఉంటుంది.

చెన్నై నుండి కువైటుకు పోవడానికి దాదాపు ఐదు గంటలు, తిరిగి రావడానికి దాదాపు నాలుగున్నర గంటలు పడుతుంది. దూరం ఒకటే, విమానం ఒకటే. తేడా గాలి వలన కలుగుతున్నది. ఉదాహరణకు విమానం గాలిలో గంటకు 850 కిలోమీటర్ల వేగంతో పోతున్నదనుకొందాం. పడమటి నుండి గంటకు 50 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తుంటే, పోయేటప్పుడు నేలను బట్టి విమాన వేగం 800, వచ్చేటప్పుడు 900 అవుతుంది. 3,780ని 800తో భాగిస్తే నాలుగు గంటల నలభై మూడు నిమిషాలు. 900తో భాగిస్తే నాలుగు గంటల పన్నెండు నిమిషాలు. ఎక్కి దిగడానికి పట్టే కాలాన్ని రెండింటికీ కలుపుకోవాలి. చలికాలంలో ఉత్తర భారతం, గల్ఫు ప్రాంతాల పైన మిక్కిలి ఎత్తులో బలమైన పడమటి గాలి ప్రవాహం నెలకొంటుంది. అప్పుడు ఈ తేడా పెరుగుతుంది. నైరుతి ఋతుపవన కాలంలో దక్షిణ భారతం పైన దీనికి విరుద్ధంగా తూర్పు నుండి పడమటికి వీచే ప్రవాహం ఏర్పడుతుంది. ఉష్ణమండలపు ఈ తూర్పుగాలి ప్రవాహాన్ని వివరిస్తూ 1958లో ప్రసిద్ధమైన పరిశోధన వ్యాసం ప్రకటించిన వాతావరణ శాస్త్రజ్ఞుడు పి. కోటేశ్వరం మన తెలుగువాడు. బాట ఇసుకదా, రాతిదా అని వీరాస్వామయ్య వ్రాసుకొన్నట్లే నేటి విమాన చోదకుడు బయలుదేరడానికి ముందు గాలి ఎటువంటిదో విచారించి, దానికి తగినట్లు ఇంధనం నింపుకొంటాడు.

టికెట్టు మీద అచ్చయిన వేళలను చూచి మోసపోయేవారు చాలామంది. ఉదయం 6 గంటలకు చెన్నైలో బయలుదేరిన విమానం 8.30కు కువైటు చేరుతుందని వ్రాసి ఉంటే ప్రయాణం రెండున్నర గంటలే అనిపిస్తుంది. కువైటులో ఉదయం 6 గంటలకు బయలుదేరి చెన్నైకి మధ్యాహ్నం 1 గంటకు చేరుతుందంటే ఏడు గంటలనిపిస్తుంది. రెండూ తప్పే. టికెట్టు మీద ఏ ఊరి వేళ ఆ ఊరి గడియారం ప్రకారం వ్రాస్తారు. భారతదేశపు కాలాన్ని 82½ డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నిర్ణయించారు. ఆ రేఖ మన కాకినాడకు సమీపంగా పోతుంది. కువైటు కాలం 45 డిగ్రీల రేఖాంశాన్ని అనుసరిస్తుంది. తేడా 37½ డిగ్రీలు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కనుక, రెండు గడియారాల మధ్య తేడా రెండున్నర గంటలు. పడమటికి పోయేటప్పుడు గడియారం నుండి వచ్చిన అంకెకు రెండున్నర కలపాలి. తూర్పుకు వచ్చేటప్పుడు తీసివేయాలి. అప్పుడు ఐదు గంటలు, నాలుగున్నర గంటలు అని సరియైన సమాధానం వస్తుంది. కువైటులో రాత్రి పని ముగించుకొని పది గంటలకు కొడుకు ఫోను చేస్తే, ఇక్కడ తల్లి నిద్ర లేచి పలికేది అర్ధరాత్రి పన్నెండున్నరకు. ఆ తల్లికి రేఖాంశాలను గురించి ఎవరూ చెప్పకపోయినా ఈ లెక్క తప్పదు.

కాలాన్ని యంత్రం తగ్గించినా దూరం అట్లే ఉంటుందనడానికి 1990వ సంవత్సరం నిదర్శనం. ఆ ఏడు ఆగస్టు 2వ తేదీన ఇరాకు సైన్యం కువైటును ఆక్రమించింది. విమానాశ్రయం మూతబడింది. ఒక్కరోజులో ఐదు గంటల దారి లేకుండాపోయింది. రాయలసీమవారితో సహా అక్కడున్న భారతీయులు బస్సులలో, దొరికిన వాహనాలలో ఇరాకు దేశమంతా దాటి, వెయ్యి కిలోమీటర్లకు పైగా ఎడారిబాటను ప్రయాణించి, జోర్డాను రాజధాని అమ్మాను చేరవలసి వచ్చింది. అనగా ఇంటికి రావడానికి ఇంటికి దూరంగా, ఇంకా పడమటికి పోయారు. సరిహద్దు శిబిరాలలో నీటి కొరకు వరుసలలో నిలిచి, విమానం కొరకు దినాల తరబడి వేచి ఉన్నారు. ఆగస్టు నుండి అక్టోబరు వరకు ఎయిర్ ఇండియా విమానాలు అమ్మాను నుండి ముంబయికి లక్షకు మించిన మందిని చేర్చాయి. అమ్మాను, ముంబయిల మధ్య దూరం ఇంచుమించు నాలుగు వేల కిలోమీటర్లు. ముంబయిలో దిగిన కడపవారు మళ్లీ ఆ పాత రైలే ఎక్కారు. మనుచరిత్రలో మంచుకు కరిగిన పాదలేపం ఇక్కడ యుద్ధానికి కరిగింది.

సామాన్యమైన దినాలలోనైనా ఐదు గంటల మాట ఎక్కడ చెల్లదో చెప్పవలసి ఉంది. రాయచోటి దగ్గరి ఒక పల్లెలో రాత్రి పది గంటలకు ఒక తండ్రి కన్నుమూశాడనుకొందాం. కొడుకు కువైటులో కారు నడుపుతున్నాడు. వార్త అందేసరికి అక్కడ రాత్రి ఏడున్నర. తలకొరివి పెట్టవలసినవాడు అతడే. ముస్లిం కుటుంబమైతే ఖననాన్ని ఆలస్యం చేయకూడదన్న నియమముంది; జనాజా నమాజుకు కొడుకు అందుకోవాలి. మరునాటి వేకువ విమానంలో చోటు దొరికితే మూడు గంటల ముందు విమానాశ్రయం చేరాలి. నాలుగున్నర గంటలు ఎగిరి చెన్నైలో దిగేసరికి మన మధ్యాహ్నం. వలస అధికారుల తనిఖీ, సామాను ముగించుకొని కారెక్కితే తిరుపతి, పీలేరు మీదుగా ఐదారు గంటలు. అంతా సవ్యంగా జరిగినా పల్లె చేరేది సాయంత్రం చీకటి పడే వేళకు. తండ్రి పోయి అప్పటికి ఇరవై గంటలు దాటుతుంది. ఆ ఇరవై గంటలలో విమానం గాలిలో ఉన్నది నాలుగున్నర గంటలే. ఇంట్లోవారు మంచుపెట్టె తెప్పించాలా, కొడుకు రాక కొరకు ఆగాలా, తమ్ముని చేత కార్యం జరిపించాలా అని నిర్ణయించవలసింది ఆ రాత్రే. ‘ఐదు గంటల దారే కదా, వచ్చేస్తాడు’ అని ఒకరు, ‘రెండు దినాలు పడుతుంది’ అని మరొకరు అంటుండగా పెద్దలు తికమకపడడం సీమలో తెలియని దృశ్యం కాదు. ఇంట్లో చదువుకొన్న పిల్లవాడు కాగితం తీసుకొని ఈ అంకెలు వరుసగా వేసి చూపగలిగితే అది ఆ రాత్రికి గొప్ప సాయం.

ఆ కాగితం మీద ఇప్పుడు మరొక పంక్తి కూడ వ్రాసుకోవాలి. 2025 జూలై 1వ తేదీ నుండి కువైటులో ప్రైవేటు సంస్థలలో పనిచేసే విదేశీయులు దేశం విడిచి బయటికి పోవాలంటే యజమాని ఆమోదంతో ప్రభుత్వపు అనుమతి పొందాలి. ఈ అనుమతిని ఇంటర్నెట్ ద్వారా కోరవచ్చును. యజమాని వెంటనే ఆమోదిస్తే అది నిమిషాల పని. రాత్రి ఏడున్నరకు అతడు ఫోను ఎత్తకపోతే వేకువ విమానం తప్పిపోతుంది. ఆ తరువాతి విమానం ఏ వేళకున్నదో, అది చెన్నైకో హైదరాబాదుకో చూచుకొని, లెక్క మళ్లీ మొదటి నుండి వేయాలి.